సంగవ్వ కడిగిపెట్టిన పుర్రె

స్నేహల్ నాందేడ్‌లో మరాఠీ బడిలో చదువుకున్న తెలుగు పిల్ల. వేసవి వచ్చిందంటే సర్ఖని ఊళ్లో మేనత్త సంగవ్వ ఇంట్లో వాలేది. అత్త మేకల వెంట గుట్టలెక్కి, గుహల్లో దూరి, చేతికందిన రాయినల్లా ఒడిలో వేసుకొచ్చేది. ఆ పిచ్చే పెద్ద చదువైంది. గుహల్లో రాయిగా మారిన జంతువుల ఎముకలను వెతికే శాస్త్రవేత్త అయింది.

"మంది బంగారం తవ్వుతరు, మా పిల్ల బొక్కలు తవ్వుతది" అని సంగవ్వ ఊరంతా గొప్పగా చెప్పుకునేది.

మొన్నటి ఎండాకాలం ఆ గుట్టల్లోనే ఒక గుహలో స్నేహల్ కంట పడింది, ఎప్పుడో అంతరించిన అడవి ఎద్దు పుర్రె. కొమ్ములతో సహా మట్టి పొరల్లో కూరుకుపోయి ఉంది. దాని వయసు చెప్పాల్సింది ఆ పొరలే. అందుకే కదపకుండా అత్త తెచ్చిన గోనెసంచులు కప్పి, గుట్ట దిగుతూ జారిపడి కాలు విరగ్గొట్టుకుంది.

కర్ర పట్టుకుని నడక రాగానే సర్ఖని బస్సెక్కింది. అత్త ఎదురొచ్చి చేయి పట్టుకుని వసారాలోకి తీసుకుపోయింది.

చాప మీద ముక్కలు. రెండుగా విరిగిన కొమ్ము. పొడిపొడిగా రాలుతున్న నుదురు. దాని మీద పసుపు, కుంకుమ.

స్నేహల్ చాప దగ్గరికి ఒక్కడుగు వేసింది. కర్ర చేజారింది.

"మల్ల గుట్టెక్కితె నీ కాలు ఏం గావాలె బిడ్డా? గందుకే గడ్డపారతోని నేనే తీసుకొచ్చిన. బసవన్న తలకాయ గదా, మంచిగ కడిగి బొట్టు వెట్టిన." సంగవ్వ అరచేతుల్లో బొబ్బలు ఇంకా మానలేదు.

"దాని చుట్టు ఉన్న మట్టేది అత్తా?"

"మట్టితోని ఏం పని? తవ్విందంత గుహ బయట పారబోసిన. వానకు కొట్టుకపోయింది."

స్నేహల్ చాప పక్కన కూలబడింది. ముక్కను ముట్టుకోబోయి చేయి వెనక్కి తీసుకుంది. అత్త ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"ఏంది బిడ్డా, ఖరాబ్ జేసిన్నా?"

లేదని చెబుదామనుకుంది. కానీ "అయింది అత్తా" అంది.

సంగవ్వ తన చేతులవైపు చూసుకుంది.

ముక్కలన్నీ అతికించేసరికి మళ్లీ ఎండలొచ్చాయి. కొమ్ములు నిలిచాయి. నివేదికలో వయసు దగ్గర మాత్రం స్నేహల్ "తెలియదు" అని రాయాల్సొచ్చింది. రాశాక కూడా నమ్మలేనట్టు ఆ మాటవైపే చూస్తూ కూర్చుంది. అత్తను మాత్రం ఒక్క మాట అనలేదు. సంగవ్వే, ఎవరడిగినా, "నేనే ఇరగ్గొట్టిన" అని చెబుతుంది.