రాజమణి మొక్కిన చుక్క

శాలిబండ వెనక గల్లీకి మెర్క్యురీ లైట్లు బిగించింది రాజమణి భర్త వైకుంఠమే. కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్. మొదటిసారి లైట్లు వెలిగిన సాయంత్రం పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంటింటా చాయ్ తాగి వచ్చాడతను. రాజమణికీ సంబరమే. రాత్రిపూట కూడా అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకోవచ్చు. గల్లీలోంచి ఆకాశం ఎప్పుడు వెళ్లిపోయిందో ఎవరూ గమనించలేదు.

1973 వానాకాలంలో ఒక అమావాస్య రాత్రి గాలివానకు తీగ తెగింది. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ రావాలి. అంటే, కరెంటు ఆపేశాం, ఎక్కవచ్చు అన్న కబురు. అది రాకముందే వైకుంఠం ఎక్కేశాడు. ఇరవై ఏళ్ల అలవాటు అతని చేత అలా చేయించింది. కరెంటు అతన్ని తడిసిన గుడ్డలా విదిలించి కింద పడేసింది.

దవాఖానలో మూడు రోజులు కళ్లు తెరవలేదు. వరండాలో, తడి గొడుగుల పక్కన కూర్చుని రాజమణి మొక్కుకుంది. కోడిని మొక్కలేదు, కొబ్బరికాయను మొక్కలేదు. తన జీవితంలో తను ఆడిన పెద్ద అబద్ధం ఏదా అని వెతికింది. పెళ్లినాడు మిట్టమధ్యాహ్నం పంతులు ఎండలోకి వేలు చూపించి, "అదిగో అరుంధతి, కనిపించిందా అమ్మా?" అన్నప్పుడు, కళ్లు చికిలించుకుని "కనిపించింది" అంది. ఆ అబద్ధం దొరికింది.

"ఆయనను లేపు సామీ. ఇద్దరం కలిసి ఆ చుక్కను నిజంగ చూస్తం" అంది.

నాలుగో రోజు వైకుంఠం కళ్లు తెరిచి నీళ్లు అడిగాడు. ఆమె తాగించి, మొక్కు సంగతి చెప్పింది. నవ్వబోయి, పక్కటెముకల నొప్పికి ఆగిపోయాడతను.

"నాకు సుత కనపడలే" అన్నాడు.

మళ్లీ నడక నేర్చుకోవడానికి అతనికి ఏడు నెలలు పట్టింది. ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. డిపార్టుమెంటువాళ్లు ఆఫీసులో కూర్చునే పని ఇచ్చారు. ఎండలు ముదిరే వేళకు, కట్టె పట్టుకుని మిద్దె ఎక్కగలిగిన మొదటి సాయంత్రం ఇద్దరూ ఉత్తరం వైపు తలలెత్తారు. గల్లీ నిండా పాలలాంటి వెలుతురు. దాని మీద పొయ్యిల పొగ. ఆ పైన ఏమీ లేదు.

"ఈ లైట్లు ఎవడు పెట్టిండో గాని" అన్నాడు వైకుంఠం.

"పెట్టినోడు మస్తు హుషారు. కింద ఉన్నోళ్లకు చాయ్ సుత మిగలనియ్యలే."

అలా మొదలైంది ప్రయాణం ఆలోచన. వైకుంఠంతో పనిచేసిన ఇస్సాకు బదిలీ మీద చేవెళ్లలో ఉన్నాడు. ఊరు దాటితే చీకటే అని ఉత్తరం రాశాడు. పక్కింటి ఖాజా భాయ్ రోజూ సాయంత్రం ఖాళీ మెటడోర్ తోలుకుని చేవెళ్ల పోయి, మీరాలం మండీకి కూరగాయలు తెస్తాడు. "ఖాళీ బండిల హవా ఎక్కించుకుని పోతున్న రోజు. దాని బదులు మిమ్మల్ని ఎక్కించుకుంట. ఫికర్ ఎందుకు భాభీ?" అన్నాడు.

రోజు మాత్రం కిరాణా రామలింగం సేటు పెట్టాలి. గల్లీలో పెళ్లిచూపులైనా, బోరింగు తవ్వడమైనా ఆయన పంచాంగం అడగందే జరగదు. సేటు బెల్లం చేతులు తుడుచుకుని పేజీలు తిప్పాడు.

"మొక్కు గదా. పున్నం నాడు పోండ్రి. దివ్యమైన దినం. పైనుంచి వెలుతురు సుత ఉంటది, చుక్క మంచిగ కనపడతది."

నిజమే అనిపించింది అందరికీ. వెతుక్కునే వస్తువు దొరకాలంటే వెలుతురు ఉండాలి కదా. గల్లీ దీపాల కింద పెరిగిన మనుషులకు ఇంకోలా తోచే దారి లేదు.

పున్నమినాడు చేవెళ్ల బయట, కోసిన జొన్నచేలో నిలబడ్డారు. వెన్నెల ఎంత అందంగా ఉందంటే, కొయ్యకాళ్ల నీడలు కూడా లెక్కపెట్టవచ్చు. ఇస్సాకు వేలుతో చూపించాడు. ఆకాశంలో మంచంలా నాలుగు చుక్కలు, దానికి తోకలా మూడు. తోకలో నడిమిది వశిష్ఠుడు. దాన్ని ఆనుకుని అరుంధతి ఉండాలి.

వశిష్ఠుడు ఒక్కడే ఉన్నాడు.

"కనపడ్డదా వదినా?"

అందరూ ఆమె ముఖం వైపే చూస్తున్నారు. వైకుంఠం కాలు నొప్పికి కట్టె మీద వాలిపోయాడు. అవునంటే మొక్కు తీరిపోతుంది, అందరూ పోయి పడుకుంటారు.

"కనపడలే" అంది రాజమణి.

ఇస్సాకు నెత్తి కొట్టుకున్నాడు. "తప్పు నాది వదినా. వెన్నెల ఉంటే సన్నచుక్కలు దాక్కుంటయి. ఏడాదిసంది చూస్తున్న గాని, చెప్పాలని తోచలే. అమాస నాడు రావాలె."

ఆ మాట విన్నాక బండిలో తిరిగి వస్తూ, కాకరకాయ బస్తాల మధ్య, ఆమె మగని చేయి వదల్లేదు. ఆమెకు అమావాస్య అంటే అతన్ని విదిలించి కొట్టిన రాత్రి. అతను మళ్లీ ఆఫీసుకు పోతున్నప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ అతన్ని గడప దాటనివ్వడం లేదు. ఆఫీసుకు జ్వరమని కబురు పంపుతుంది.

సేటుకు తెలిసి దుకాణం దిగి వచ్చాడు. "అమాస నాడు కుక్క సుత ఊరు దాటది. పున్నం నాడు పోయిన్రు గదా, చూసినట్టే అనుకోండ్రి. దేవుడేమన్న వచ్చి సాక్ష్యం అడుగుతడా?"

"అడగడు సేటు. నాకే తెలుస్తది" అంది రాజమణి.

అత్త చంద్రమ్మ మూలన కూర్చుని అంతా విన్నది. "ఒక్కగానొక్క కొడుకు. బతికిండు. ఇంకా చుక్కల లొల్లి ఏందే నీకు?"

మొక్కు తీర్చకపోతే భయం. తీర్చడానికి వెళ్లాలంటే భయం. రాజమణి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడోనాడు వైకుంఠం ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నన్ను కొట్టింది అమాస కాదే. కరెంటు. లైన్ క్లియర్ రాకముందే ఎక్కిన, తప్పు నాది. కింద పడ్డప్పుడు గల్లీ అంత చీకటి. ఆ చీకట్ల నిప్పురవ్వలు ఎగిరినయి కాబట్టే, అటు పోయేటోళ్లు చూసి ఉరికొచ్చిన్రు. పట్టపగలైతే ఎవడు చూస్తుండె?"

ఇన్నాళ్లూ రాజమణి తిట్టుకున్న చీకటి, మగని పక్కన నిలబడి నలుగురిని పిలిచిందన్నమాట. దానికి ఒక్కసారి కూడా దండం పెట్టలేదు తను.

"పోదాం. కాని నేను దిగుమన్నంకనే బండి దిగాలె" అంది.

"సరే, ఇంజనీరు సాబ్."

అమావాస్య సాయంత్రం మెటడోర్ దగ్గరికి వచ్చేసరికి చంద్రమ్మ అప్పటికే ముందు సీట్లో కూర్చుని ఉంది. ఒళ్లో చీరకొంగు నిండా నిమ్మకాయలు.

"అమ్మీజాన్, ఇన్ని నింబూలా? షర్బత్ చేస్తవా?" అన్నాడు ఖాజా భాయ్.

"నీ బండి చక్రాల కింద పెట్టనీకి. నోరు మూసుకుని తోలు."

"పెట్టు అమ్మీ, పెట్టు. నేను నెలపొడుపు చూడనీకి మిద్దెలెక్కుత. మీరు చంద్రుడు లేనినాడు చేన్లకు పోతరు. ఆకాశం కింద అందరం పాగల్‌లమే."

రామలింగం సేటు దుకాణం గుమ్మంలో తల అడ్డంగా ఊపుతూనే నిలబడ్డాడు. బండి కదిలేముందు చక్కెర బతాసల పొట్లం ఒకటి కిటికీలోంచి లోపలికి తోశాడు.

చేవెళ్ల చేలో బండి దీపాలు ఆర్పగానే ఎవరి చేయి వాళ్లకు కనపడలేదు. "బీడీ సుత ముట్టియ్యకు భాయ్. కండ్లకు చీకటి అలవాటు గావాలె" అన్నాడు ఇస్సాకు. రాజమణి ముందుగా తను దిగి, నేల తడిమి చూసి, మగని చేయి పట్టుకుని దింపింది.

ముందు ఏమీ లేదు. తర్వాత ఒకటి, పది, ఆపైన లెక్క తప్పింది. చుక్కలు వెలుగుతున్నట్టు లేవు. ఎప్పటినుంచో అక్కడే ఉండి, వీళ్లు వచ్చేదాకా ఓపిక పట్టినట్టు ఉన్నాయి. మంచం దొరికింది. తోక దొరికింది. నడిమి చుక్క పక్కన, నువ్వుగింజంత, వణుకుతూ ఇంకొకటి.

"ఉన్నది" అన్నాడు వైకుంఠం మెల్లగా.

రాజమణి అతని ముంజేయి పట్టుకుంది. కరెంటు కాల్చిన చోట చర్మం ఇంకా గరుకుగా ఉంది. కింద నాడి కొట్టుకుంటోంది. చుక్కనూ ఆ నాడినీ ఒకేసారి చూసుకుంటూ నిలబడింది. తర్వాత చేతులెత్తి దండం పెట్టింది. ఎటు పెట్టాలో తెలియక, చుట్టూ ఉన్న చీకటికే పెట్టింది.

ఖాజా భాయ్‌కి వెంటనే కనపడింది. "యా అల్లా, గింత చిన్నదా!" అన్నాడు.

"అత్తమ్మా, నీకు?"

"ఆ, కనపడ్డది, కనపడ్డది" అంది చంద్రమ్మ, దక్షిణం వైపు చూస్తూ.

వైకుంఠం నవ్వు ఆపుకోలేకపోయాడు. రాజమణి అత్త భుజాలు పట్టి ఉత్తరానికి తిప్పింది. "అబద్ధమాడకు అత్తమ్మా. కనపడకుంటే కనపడలేదను. ఏం గాదు."

ముసలామె కోడలి చేయి తడిమి పట్టుకుంది. "కండ్లల్ల పొరలు వచ్చినయి బిడ్డా. నాకు అంతా ఒక్కటే పొగ. మీకెందుకు ఫికరని చెప్పలే" అంది.

రాజమణి ఆమెను బండి మెట్టు మీద కూర్చోబెట్టి, పక్కనే చేరింది. పొద్దున్నే కంటి దవాఖానకు తీసుకుపోతానంది. దూరంగా చేనుగట్టు నుంచి ఇస్సాకు, ఖాజా భాయ్ బండికి వంకాయ గంపలు మోస్తున్నారు. ఇంకా చాలా గంపలు ఉన్నాయి.

"సరే, నువ్వు చూసినవు గదా. ఎట్లున్నదో చెప్పు" అంది చంద్రమ్మ.

"రెండు చుక్కలు అత్తమ్మా. ఒకటి పెద్దది. చిన్నది దాని ఎనక లేదు, ముందట లేదు. పక్కనే ఉన్నది."

"పెద్దది నా కొడుకు లెక్క కుంటుతున్నదా?"

"కుంటుతలేదు. మంచిగున్నది" అంది రాజమణి. బతాసల పొట్లం విప్పి, చీకట్లో తడుముకుని, అత్త అరచేతిలో ఒకటి పెట్టింది.