ఆదివారం పది గంటల నీళ్ళు

మా ఊరికి పడవల పార్కు వస్తుందని తెలిసిన రోజు ఆఫీసులో అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. ఎండాకాలం నాగావళిని ఆడవాళ్ళు కుచ్చెళ్ళు తడవకుండా దాటేస్తారు. అందులో నురగలు కక్కే ప్రవాహమట, దాని మీద ఎగిరెగిరిపడే రబ్బరు పడవలట! ఆ ప్రవాహం ఎక్కణ్ణుంచి తెస్తారో చూద్దాం అన్నాను. వారం తిరక్కుండానే ఆ తెచ్చే పని నా మెడకు చుట్టారు. నేను నీటిపారుదల పనులు చూసే చిన్న ఇంజనీరును.

ఊరికి ఎగువన చిన్న ఆనకట్ట ఉంది. దాని దిగువన ఆరేడు కిలోమీటర్లు ఒట్టి ఇసుక, ఒక పక్కగా సన్నటి పాయ. ఆ తర్వాత ఊరి పక్కన బండరాళ్ళు. పార్కు ఆ రాళ్ళ దగ్గరే. శివరాత్రి ముందు ఆదివారం నీళ్ళు వదిలి చూడాలని, పెద్దలు వచ్చి కూర్చునే పదింటికి అవి రాళ్ళను చేరాలని చెప్పారు. పైన పొలాలకు తగ్గకూడదు, కింద పడవ నేలకు తగలకూడదు. పట్టికలు వేశాను, కొట్టేశాను, మళ్ళీ వేశాను. ఏ గంటకు ఎంత వదలాలో ఒక లెక్కకు రెండో లెక్క పొంతన కుదిరేది కాదు. చివరికి ఒకటి కుదిరింది. ఎందుకు కుదిరిందో అర్థం కాలేదు గానీ దాన్నే ఖాయం చేశాను.

ఆనకట్ట తలుపులు ఎత్తి దించే లస్కరు నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. ఆయనకు కాగితం చూపించాను.

"మావా, ఆరింటికి రెండు తలుపులెత్తితే తొమ్మిదిన్నరకల్లా నీళ్ళు రాళ్ళ దగ్గరుంటాయి."

ఆయన కాగితం చూడలేదు, ఇసుక వైపు చూశాడు. "ఏమో బాబూ. ముందల ఇసక తాగాల గదా."

"ఎంత తాగుతుంది?"

"దాన్నే అడగాల."

నాకు ఒళ్ళు మండింది. ఇసుక ఎంత తాగుతుందో పుస్తకంలో చూసి మరీ వేసుకున్నాను.

ఆ ఇసుకలోనే ఒకావిడ పుచ్చపాదులు పెట్టేది. అక్కడ పాదులు పెట్టేవాళ్ళందరికీ ఒక పద్ధతి ఉంది. పాయకు ఎదురుగా మొదటి రెండు వరసలూ గింజ వేయకుండా వదిలేస్తారు. అది గంగమ్మ వాటా. పుష్యమాసంలో నేను నీళ్ళ హద్దుకు మేకులు కొడుతుంటే ఆవిడ వచ్చి నిలబడింది.

"ఏటి బాబూ ఈ మేకు?"

"నీళ్ళు ఇంతవరకే వస్తాయమ్మా. దీన్ని దాటవు."

"నిజంగా దాటవా? అలాగైతే ఈ ఏడు ముందు వరసలే ఏసుకుంటాను. ఎనక వరసలకి కుండల్తో మొయ్యాల. నా మోకాళ్ళు పోనాయి. సూసి సెప్పండి."

"నిక్షేపంగా వేసుకో. గంగమ్మ వాటా సంగతి నేను మాట్లాడతాలే" అన్నాను. హాస్యమాడటంలో నన్ను మించినవాడు లేడు ఆ రోజుల్లో. ఆవిడ వెనక వరసలు బీడుగా వదిలేసి, గంగమ్మ వాటాలో గింజ పెట్టింది.

ఆదివారం ఆరింటికి తలుపులెత్తించి నేను ఇసుక మధ్యలో నిలబడ్డాను. తొమ్మిదిన్నర అయింది. పాయ పొడుగునా తడి, పసిపిల్ల పాకినట్టు పాకుతోంది తప్ప నీళ్ళు రాలేదు. పది దాటింది. నా వాచీ తప్పా, పట్టిక తప్పా, నది తప్పా? బుర్ర పనిచేయలేదు. రాళ్ళ దగ్గర షామియానా కింద నుంచి మా పెద్దసారు ఫోన్ మీద ఫోన్.

"నీళ్ళేవయ్యా? ఇంకో రెండు ఎత్తించు!"

లస్కరుకు ఫోన్ చేశాను. "వద్దు బాబూ" అన్నాడాయన. "ఇసక దాహం తీరిపోనాది. ఇప్పుడొదిలితే ఆగదు, లగెత్తుతాది."

ఆ మాట నాకు అర్థమైందా లేదా అన్నది ఈ రోజుకీ తేల్చుకోలేను. ఎత్తమన్నాను.

ముందు వదిలిన నీళ్ళూ ఇప్పుడు వదిలినవీ అన్నీ కలిసి ఒక్కసారిగా వచ్చాయి. రాళ్ళ దగ్గర పడవలు ఎగిరాయని, జనం చప్పట్లు కొట్టారని తర్వాత చెప్పారు. నేను పాదుల వైపు పరుగెత్తాను. మేకు కనిపించలేదు. ఆవిడ మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, పిందెలున్న తీగలు పైకి లాగి భుజాన వేసుకుంటోంది. నేనూ ప్యాంటు మడవకుండానే దిగి లాగాను. నేను పట్టుకున్న తీగ పట్టుకున్నట్టే తెగిపోయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. నీళ్ళు తగ్గాక తెగిన తీగల పక్కన కూర్చుని, మోకాళ్ళు రాసుకుంటూ అడిగింది.

"వచ్చే ఆదివారం కూడా వదుల్తారంట గదా బాబూ. ఈపాలి ఎంతకాడికి వస్తాయి? దాన్నిబట్టి ఇంకో నాలుగు గింజలు ఎట్టుకుంటాను."

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే నన్ను అడుగుతోంది. ఇంత జరిగాక నన్నెలా నమ్ముతోందో నాకు అర్థం కాలేదు. జేబులో పట్టిక తడిసి ముద్దయింది.

"తెలీదమ్మా" అన్నాను.

ఆవిడ తలెత్తి నా మొహంలోకి చూసింది.

"ఆ ముక్క ఆ రోజే సెప్పుంటే, నాను సూసుకుందును గదా బాబూ."