మూసిన తర్వాత పడిన చుక్క

పంతొమ్మిది వందల అరవైల్లో నేను కలకత్తా దమ్‌దమ్ విమానాశ్రయంలో, విమానాలు బాగుచేసే ఒక షెడ్డులో హెల్పర్ని. మా అక్క మొగుడు అక్కడే ఫిట్టరు. నాకప్పటికి అక్షరం ముక్క రాదు. ఈ రాయడమంతా ముసలితనంలో అబ్బింది. అందుకే పైనుంచి ఆర్డరు వస్తే ఇన్‌స్పెక్టరు హిందీలో చెప్పేవాడు, మేం వినేవాళ్ళం.

ఒకసారి పెట్రోలు ఆపే వాల్వుల గురించి ఆర్డరొచ్చింది. ఇంజను అంటుకుంటే పైలట్ మీట లాగుతాడు. ఈ వాల్వు మూసుకుని ఇంజనుకు పెట్రోలు ఆగాలి. ఆగకపోతే అంతే సంగతులు. ఒక రకం విమానాల్లో ప్రతి వాల్వునూ విప్పి చూడనిదే ఎగరనివ్వకూడదన్నారు.

విప్పాం, కడిగాం, బిగించాం. ఆఖరి పరీక్షకు ఇన్‌స్పెక్టరు పైన మీట దగ్గర కూర్చున్నాడు. నేను కింద, ఊడదీసిన గొట్టం మూతికి డబ్బా పట్టాను. ఆయన మీట లాగాడు, ధార ఆగింది. "బంద్!" అని అరిచాను. ఆయన దిగి సంతకం పెట్టడానికి వెళ్ళిపోయాడు. అప్పుడు గొట్టం మూతి దగ్గర ఒక చుక్క ఉబ్బి, ఊగి, డబ్బాలో పడింది. గొట్టంలో మిగిలిందా, వాల్వే కారుతోందా? తేల్చుకునేలోగా గొట్టం బిగించేశారు.

మా షెడ్డులో ఒక పద్ధతుంది. పని చేసినవాళ్ళలో ఒకడు ట్రయలు ఫ్లైటు ఎక్కాల్సిందే. చేతిపని మీద నమ్మకముంటే ఎక్కి చూపించమని. ఆ రోజు వంతు బావది. విమానం ఎక్కడం అతనికదే మొదలు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అక్క బస్తీ అంతా చాటేసింది.

టీ అక్కడే వదిలేసి లేచాను. ఓసారి రెక్క కిందకి, ఓసారి గుమ్మం దగ్గరికి.

"ఏట్రా, కాలు కాలిన పిల్లిలాగ తిరగతన్నావు?" అన్నాడు బావ.

"నువ్వెక్కకు బావా. మూసినాక కూడా చుక్క పడింది."

"గొట్టంలో మిగిలింది పడదేటి? నీకు కుళ్ళురా! నీ వంతు రాలేదని కుళ్ళు."

ఇంక ఆగలేక ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయాను. "గాడిదా, అప్పుడే చెప్పడానికేం?" అని నలుగురిలో తిట్టాడు. తిట్టినా ఫ్లైటు ఆపి వాల్వు మళ్ళీ విప్పించాడు. లోపల రబ్బరు రింగు నున్నగా ఉంది. ఎక్కడా గీత లేదు. మళ్ళీ బిగించి మీట లాగితే ఈసారి చుక్క కూడా పడలేదు. షెడ్డంతా నవ్వింది. బావ మాత్రం నవ్వలేదు.

మర్నాడు పొద్దున అతను ఎక్కబోతుంటే ఇన్‌స్పెక్టరు చెయ్యి అడ్డం పెట్టాడు. "అనుమానపడ్డవాడే ఎక్కాలి" అని నన్ను చూపించాడు.

ఎక్కాను. దిగేదాకా కుర్చీ చేతులు వదల్లేదు. నిచ్చెన కింద బావ కాచుకుని ఉన్నాడు.

"పైనుంచి ఏటేటి కనపడిందిరా?"

"ఇంజను."

"ఇంజనా! నా సీటు లాక్కుని ఇంజను సూసొచ్చావేటి? అది కిందున్నప్పుడు రోజూ సూత్తన్నావు కదరా సచ్చినోడా!"

సాయంత్రం ఆ విమానం జనంతో బయల్దేరింది. డ్యూటీ దిగినా ఇంటికి పోలేదు. అది తిరిగొచ్చి వాలేదాకా ఆకాశం కేసే చూస్తూ గేటు దగ్గర తిరిగాను.