లింగంపల్లి దాకా, ఒక పుస్తకం కోసం

పొద్దున్న ఏడుంపావుకి కొత్తగూడలో మా ఫ్లాటు మెట్లు దిగేసరికి రోడ్డు మీద షట్టర్లన్నీ వేసే ఉన్నాయి. తెలంగాణ ఉద్యమం రోజులవి. బస్సులు డిపోల్లోంచి కదలక పదిహేను రోజులు దాటింది. పైగా ఆ రోజు బంద్. బుద్ధున్న వాళ్ళెవరూ అలాంటి రోజున ప్రయాణం పెట్టుకోరు. నేను పెట్టుకున్నాను. లింగంపల్లి బైండింగు షాపాయన ముందు రోజు ఫోన్ చేసి "నీ పుస్తకం తయారైంది బిడ్డా" అన్నాడు మరి. ఇంకో రోజు ఆగడం నా వల్ల కాలేదు.

అది కొట్లో దొరికే పుస్తకం కాదు. మా అమ్మ పెళ్ళయిన కొత్తలో వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు వారం వారం చింపి, దబ్బనంతో కుట్టి దాచుకున్న కట్ట. అప్పట్లో చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసిన పనే. మా అమ్మ ఇంకొకటి కూడా చేసేది. చదువుతూ చదువుతూ పేజీ అంచుల్లో పెన్సిల్‌తో రాసేది. "ఈ పిల్లకి బొత్తిగా బుద్ధి లేదు" అని కథానాయిక మీద విసుక్కునేది. "ఇవాళ పాలు విరిగాయి." "చంటిదానికి జ్వరం తగ్గింది." ఆ చంటిదాన్ని నేనే. అమ్మ ఉత్తరాలు రాసే మనిషి కాదు, డైరీ అసలే లేదు. పోయి నాలుగేళ్ళయింది. ఆమె చేతిరాత అంటూ ఈ భూమ్మీద మిగిలింది ఆ అంచుల్లోనే.

నాకు పాతకాలపు వస్తువుల పిచ్చి. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్. ఇంట్లో మాత్రం ఇంకు పెన్ను, పేము కుర్చీ, ఇత్తడి ఫిల్టర్ కాఫీ. ఆదివారం వాన పడుతుంటే ఆ కుర్చీలో కాళ్ళు ముడుచుకుని పాత పుస్తకం వాసన పీల్చడం కన్నా సుఖం నాకు తెలియదు. ఆఫీసులో నా వెనక "బామ్మగారు" అంటారని కూడా తెలుసు. కిందటేడు అద్దాల తలుపుల టేకు బీరువా కొన్నాను. పుస్తకాలన్నీ అందులో బుద్ధిగా నిలబడ్డాయి, అమ్మ కట్ట తప్ప. అది పొడుగు. పెడితే తలుపు పడేది కాదు. పైగా పత్రిక సైజు మారినప్పుడల్లా పేజీలూ మారి, అంచులు రేగిన జుట్టులా ఉండేవి. తోలు వీపూ బంగారు అక్షరాలూ పెట్టి బైండు చేయిస్తే ఎలాగో ఒదుగుతుందిలే అనుకున్నాను. ఎలా ఒదుగుతుందో ఆలోచించలేదు.

షేర్ ఆటోవాడు హైటెక్ సిటీ స్టేషన్‌కి మామూలు కన్నా రెండింతలు అడిగాడు. నా పక్కన ఒక నర్సు కూర్చుంది. బంద్ రోజున కూడా డ్యూటీయేనా అంటే, "రోగాలకి బంద్ ఉండదు కదండీ" అని నవ్వేసింది. స్టేషన్లో టికెట్ ఇచ్చినాయన మాత్రం నా మొహం చూసి జాలిపడ్డాడు. "పొయ్యేటందుకు ఫికర్ లేదు మేడమ్. పదిగొట్టినంక పట్టాల మీద కూసుంటరట. వాపస్ వచ్చుడు మీ కిస్మత్."

ఎనిమిదీ పదికి ఎమ్మెమ్టీఎస్ రైలు వచ్చింది. పెట్టె సగం ఖాళీ. హఫీజ్‌పేట, చందానగర్ దాటి ఎనిమిదిన్నరకల్లా లింగంపల్లిలో దిగాను. దారంతా ఆ పుస్తకం ఒళ్ళో ఉన్నట్టే ఊహించుకుంటూ కూర్చున్నాను. అంత సంతోషం మళ్ళీ నాకు దొరకలేదు.

షాపు స్టేషన్ వెనక సందులో ఉంది. ఆఫీసు రిజిస్టర్లూ, విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులూ బైండు చేసే చిన్న గది. షాపాయన సత్తయ్య గారికి డెబ్బై దాటి ఉంటాయి. షట్టరు కింద నుంచి వంగి లోపలికి వెళ్ళాను.

"బంద్ నాడు తెర్వద్దు. నీ కోసమే సగం లేపిన," అన్నాడు. ఎదుటి హోటల్ వెనక తలుపు నుంచి నాకు చాయ్ కూడా తెప్పించాడు. తర్వాత న్యూస్‌పేపర్ విప్పి, పసిపిల్లను అందించినట్టు రెండు చేతులతో పుస్తకం అందించాడు.

ముదురెరుపు తోలు వీపు. దాని మీద బంగారు అక్షరాల్లో అమ్మ పేరు. మూడు వైపులా అంచులు కొత్త సబ్బుబిళ్ళలా నున్నగా ఉన్నాయి.

"నాలుగు సైజులుండె బిడ్డా. అన్నిట్ల చిన్నదాని లెక్క వెట్టి సమానంగ కోసిన. పక్కలకు పెన్సిల్ గీతలుండె, అవి గూడ పోయినయ్. ఎంత సాఫ్ అయిందో చూడు!"

తెరిచాను. అచ్చు అక్షరాల పక్కన కాగితమే లేదు. అక్కడక్కడ ఒక తలకట్టు, ఒక సున్నాలో సగం, కొమ్ము తోక. పేజీలు తిప్పుతూనే ఉన్నాను. పాలూ లేవు, జ్వరమూ లేదు.

"కోసిన ముక్కలు ఎక్కడున్నాయండీ?" అన్నాను.

"గవేం జేసుకుంటం? మొన్ననే హోటలాయన పొయ్యి అంటించనీకి బస్తల నింపుకపోయిండు." ఆయన నేను తాగి పక్కన పెట్టిన చాయ్ గ్లాసు వైపు, ఎదుటి హోటల్ వైపు చూపించాడు. అప్పుడు నా మొహం చూశాడు. "ఏమైంది బిడ్డా? ఫోన్ జేసి అడిగిన గద, అంచులు కొయ్యాల్నా అని?"

అడిగాడు. రెండుసార్లు ఫోన్ చేశాడు. నేను మీటింగులో ఉన్నాను. రెండోసారి ఎత్తి, ఆయన మాట సగం వినీ వినకుండానే "మీకెలా బాగుంటే అలా చేయండి" అని పెట్టేశాను. ఈయనకి ఆ రాతలేంటో ఎలా తెలుస్తుంది? తెలిసినదాన్ని నేను. కట్ట ఇచ్చిన రోజు తోలు రంగు గురించి పావుగంట మాట్లాడాను, అంచుల గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

"చాలా బాగుందండీ," అన్నాను. ఆయన మొహం వికసించింది. ఆ ముసలాయన్ని బాధపెట్టి నేను బాగుపడేది ఏముంది?

ఆయన పని ముచ్చట్లన్నీ విని, పదింటికి స్టేషన్‌కి వెళ్తే పట్టాల మీద జనం, జెండాలు, డప్పులు. రైళ్ళు లేవు. పాత బొంబాయి రోడ్డు పట్టుకుని నడక మొదలుపెట్టాను. బళ్ళను ఆపేశారు గాని నడిచేవాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు. కొంచెం దూరం పోయాక, పనికి నడిచిపోతున్న ఎల్లమ్మ అనే ఆమె తోడైంది. పాలమూరు జిల్లా మనిషి. నల్లగండ్లలో ఒక గది కిరాయికి తీసుకుని, గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తుంది. తెలంగాణ రావాలని ఆమెకీ ఉంది, పనికి పోకపోతే ఉద్యోగం పోతుందని భయమూ ఉంది. "అన్ని దిక్కుల పరేషానే అక్కా," అంది.

యూనివర్సిటీ గోడ నీడలో కాసేపు ఆగాం. సంచిలో ఏముందని అడిగితే పుస్తకం తీసి చూపించి జరిగిందంతా చెప్పాను. ఎల్లమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని పేజీ తిప్పింది. అంచున మిగిలిన సగం సున్నా మీద వేలు పెట్టింది.

"గిది మీ అమ్మ రాసిందేనా?"

"అవును."

"మా అమ్మకు రాసుడే రాకుండె అక్కా. నా తాన ఆమెది ఏం లేదు." పుస్తకం మూసి నా చేతికిచ్చి, "నీ తానన్న ఉండె," అంది.

ఎత్తిపొడుపు కాదు, మనసులో ఉన్నది అంది. నేను అక్కడే, ఆ గోడకి ఆనుకుని, చిన్నపిల్లలా ఏడ్చాను. ఎల్లమ్మ నీళ్ళ సీసా ఇచ్చి, "ఇగ పా అక్కా, ఎండ ముదురుతున్నది," అని లేపింది. పన్నెండున్నరకి గచ్చిబౌలిలో ఆమె గాజు బిల్డింగు గేటు లోపలికి వెళ్ళిపోయింది.

లింగంపల్లిలో ఆ షాపుకి ఎవరైనా వెళ్ళాలనుకుంటే నిశ్చింతగా వెళ్ళండి. పనిలో వంక పెట్టడానికి లేదు, మనిషి బంగారం. కట్ట ఇచ్చే ముందు మాత్రం అంచులు చదువుకోండి. నా యాత్రలో ఇతరులకి పనికొచ్చేది అంతే. నాకు పనికొచ్చేది ఏమీ లేదు.

ఒకటిన్నరకి ఇల్లు చేరాను. కాఫీ కలుపుకోలేదు, పేము కుర్చీలో కూర్చోలేదు. బీరువా తెరిచి, ఏడాదిగా ఖాళీగా ఉంచిన చోట పుస్తకం పెట్టాను. కొలిచినట్టు సరిపోయింది. తలుపు ఈసారి చక్కగా పడింది.