నాలుగు పదహార్లు పదహారే

ఇప్పుడు తెలియనిది ఏదైనా ఎదురైతే ముందు కళ్లజోడు వెతుక్కుంటాను, తర్వాత ఫోను వెతుక్కుంటాను, ఆ రెండూ దొరికేలోపు పక్కవాళ్లెవరో జవాబు చెప్పేస్తారు. ఇరవై రెండేళ్ల వయసులో ఈ తిప్పలు లేవు. అప్పుడు నాకు తెలియనిది అంటూ ఏమీ ఉండేది కాదు. తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా ముగించి (మూడేళ్ల చదువును నాలుగేళ్లపాటు శ్రద్ధగా చదివి) చిత్తూరులో మా మామ మైకుసెట్టు షాపులో చేరిన కాలం అది. మామ అంటే మా అమ్మ తమ్ముడు. పెళ్లిళ్లు, జాతరలు, ఊళ్లలో పద్దెనిమిది రోజులు ఆడే భారతం, ఎలక్షన్ ఆటోలు, ఎక్కడ గొంతు పెద్దది కావాలన్నా చుట్టుపక్కల ఊళ్లకు మామ షాపు నుంచే హారన్ స్పీకర్లు పోయేవి. మామ చదివింది ఎనిమిదో తరగతి. నేను అంతకన్నా ఎక్కువ చదివాను కాబట్టి నాకు తెలిసింది కూడా ఎక్కువే అని నా లెక్క. లెక్కల్లో నేను మొదటినుంచీ ఇంతే.

ఆ పనిలో మొదటి నెలలోనే నేను పట్టేసిన విద్య ఒకటుంది. ప్రతి స్పీకరు వెనకా ఓమ్స్ అని ఒక అంకె ఉంటుంది. ఆ స్పీకరు కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె. పుస్తకాల్లో దాన్ని ఇంపీడెన్స్ అంటారు. (పేరులో ముందు ఇంపు, వెంటనే పీడ. తన సంగతి తానే ఇంత నిజాయితీగా చెప్పుకున్న పదాన్ని నేను మళ్లీ చూడలేదు.) ఆంప్లిఫయర్‌కు కూడా నాలుగు, ఎనిమిది, పదహారు అని మూడు అంకెలుంటాయి. తగిలించిన స్పీకర్లన్నీ కలిసి ఎంత అడ్డుపడుతున్నాయో చూసుకుని ఆ అంకె దగ్గరే వైరు పెట్టాలి. మా హారన్లన్నీ పదహార్లు. ఊళ్లో ఒక జత వైరు లాగి, వీధి పొడుగునా కొబ్బరిచెట్టుకొకటి, మిద్దెకొకటి అంటూ ఆ జత మీదే పక్కపక్కన తగిలించుకుంటూ పోతాం. అలా తగిలిస్తే కరెంటుకు దారులు పెరిగి అడ్డు తగ్గుతుంది. రెండు హారన్లయితే ఎనిమిది, నాలుగు హారన్లయితే నాలుగు. పదహారును భాగించడం వస్తే చాలు, మైకుసెట్టు వచ్చేసినట్టే. స్పీకర్లను ఇంకో రకంగా కూడా కలపొచ్చని డిప్లొమాలో చెప్పే ఉంటారు. మూడేళ్లలో చెప్పారో, నాలుగో ఏట చెప్పారో గుర్తులేదు.

మా వీధిలో గిటార్ అన్న ఉండేవాడు. మామిడిపండ్ల గుజ్జు ఫ్యాక్టరీలో పని. సీజన్‌లో ఆయన చేతులకే కాదు, గిటార్‌కు కూడా తోతాపురి వాసన వచ్చేది. ఆదివారం ఆదివారం తిరుపతి రోడ్డులోని చర్చిలో పాటలకు కూర్చునేవాడు. అయితే అక్కడ హార్మోనియం, డోలక్, ఒక కీబోర్డు, అంతే. కరెంటు గిటార్ అంటే పెద్దలు ఒప్పుకోరు. వాళ్లలో ముఖ్యుడు రిటైరయిన హెడ్‌మాస్టరు, అందరూ పెద్దాయన అనేవాళ్లు. మూడేళ్లు అడగ్గా అడగ్గా ఆయన చివరికి ఒక్క ఆదివారం, ఒక్క పాటకు ఒప్పుకున్నాడు. వినడానికి బాగుంటే సరి, లేకపోతే మళ్లీ ఆ మాట ఎత్తకూడదని షరతు. సరిగ్గా అప్పుడే చెన్నైలో స్టూడియో మూసేసుకున్న అన్న స్నేహితుడొకాయన తన పాత గిటార్ ఆంప్లిఫయర్ అన్నకు ఇచ్చేశాడు. గాజు వాల్వులు వెలిగే పాతకాలం సెట్టు ఒకటి, నాలుగు స్పీకర్లున్న బీరువాలాంటి పెట్టె ఒకటి. రెండూ లగేజీ ఆటోలో మా షాపు ముందు దిగాయి. శనివారం మధ్యాహ్నం. మరునాడు పొద్దున్నే పాట.

"కొంచెం సూడప్పా. నాకు వాయించేదొక్కటే తెల్సు. వెనకపక్క వైర్లు చూస్తే భయం" అన్నాడు అన్న.

మామ భోజనానికి పోయాడు. షాపులో నేనొక్కడినే నిపుణుణ్ణి. సెట్టు వెనక తిప్పే మర ఒకటి ఉంది, నాలుగు, ఎనిమిది, పదహారు అని. అది పదహారు మీద ఉంది. పెట్టె వెనక అంటించిన చీటీ ఎండకు చెరిగిపోయింది. నాలో కుతూహలం లేచింది. (అప్పట్లో నాకు కుతూహలం, తొందర ఒకే టైముకు లేచేవి.) వైరు దూర్చే చోట ఉన్న చిన్న రేకు మరలు విప్పి, బొక్కలోంచి టార్చి వేసి చూశాను. లోపల నాలుగు స్పీకర్ల వీపులు. ఒక్కొక్కదాని మీదా తెల్లటి కాగితం, దానిమీద పదహారు ఓమ్స్. నా మొహం వెలిగిపోయింది.

"అన్నా, ఎవరో తప్పు పెట్టుండారు దీన్ని. లోపల నాలుగు పదహార్లుండాయి. నాలుగైతే నాలుగు రావల్ల. పదహారులో పెడితే ఎట్ల?"

"చెన్నై ఆయన అట్లనే వాయించేటోడు కదప్పా, ఇన్నేండ్లు. అట్లే ఉండనీలే."

"పూచీ నాది" అన్నాను. డిప్లొమా చేసినవాడికి ఆ మాట చాలా సులభంగా వస్తుంది. మర నాలుగు మీదికి తిప్పాను.

పావుగంట అద్భుతంగా గడిచింది. అన్న మెల్లగా మీటుతుంటే మా షాపులోని పాత హారన్లన్నీ సిగ్గుపడ్డాయి. శబ్దం ఒకరకంగా బొంగురుపోయి, వెచ్చగా ఉంది. పక్కన టైలరు కూడా మిషన్ ఆపి వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. అది చూసి అన్నకు ఊపొచ్చింది, వాల్యూమ్ సగం దాటించి పాటలో చివరి చరణం అందుకున్నాడు. ఒక వాల్వులో ఊదారంగు మెరుపు మెరిసింది. తర్వాత టప్‌మని ఒక చప్పుడు, ఆ వెనకే కాలిన వాసన, ఆ పైన ఏమీ లేదు. తీగ మాత్రం ఇంకా ఆడుతోంది, వినిపించడం లేదు. టైలరు "బాగుండె" అని చెప్పి మిషన్ దగ్గరికి వెళ్లిపోయాడు. పాట అక్కడికే అయిపోయిందనుకున్నాడు పాపం.

అన్న అరవలేదు. అరిచుంటే నాకు సుఖంగా ఉండేది. గిటార్ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, "పొద్దున తొమ్మిదికి పెద్దాయన ముందు వరసలో కూర్చుంటాడు. నువ్వు ఏం లెక్కేసినావో ఆయనకు తెలీదు. నేను వాయించలేదని మాత్రం తెలుస్తాది" అన్నాడు.

మామ తాంబూలం నములుతూ వచ్చాడు. వాసన ముందు పట్టాడు, నా మొహం తర్వాత చూశాడు.

"మీటర్ పెట్టి చూసినావా?"

"లేదు మామా. లెక్క వేసినా."

"లెక్క నువ్వు బయట వేస్తివి. వైర్లు లోపల ఉండాయి. దానికి నీ లెక్క యాడ తెలుస్తాది?" అంటూ మీటరు తీసి పెట్టె వైరుకు పెట్టాడు. పదమూడు చూపించింది. మీటరు ఎప్పుడూ అసలుకన్నా కాస్త తక్కువే చూపిస్తుంది కాబట్టి పదమూడంటే అది పదహారు పెట్టె. నాకు నమ్మకం కుదరలేదు. నాలుగు పదహార్లు కలిస్తే మళ్లీ పదహారే ఎలా అవుతుంది? నా తప్పు మాట మరిచిపోయి (అన్న ఎదురుగా ఉన్నాడని కూడా మరిచిపోయి) పెట్టె వెనక పలక మొత్తం విప్పేశాను. రెండేసి స్పీకర్లను వరసగా, ఒకదాని వెనక ఒకటి కలిపారు. కరెంటు రెండింట్లోనూ దూరి రావాలి కాబట్టి పదహారూ పదహారూ ముప్పై రెండు. అలాంటి జతలు రెండింటిని మేం హారన్లు తగిలించినట్టు పక్కపక్కన కలిపారు. ముప్పై రెండులో సగం, పదహారు. నేను నేలమీద గొంతుకూర్చుని ఆ వైర్లను వేలితో మూడుసార్లు వెంబడించాను. నలుగురు కలిసి పనిచేస్తూ కూడా బయటికి ఒక్కడిలాగే కనిపించడం అంత అందంగా ఉంటుందని నాకు తెలియదు.

"అందం తర్వాత చూద్దువు, లెయ్" అన్నాడు మామ.

"అయినా మామా, అడ్డు ఎక్కువుంటే సెట్టుకు మంచిదే కదా. మన సెట్లకు హారను పీకేసినా ఏం కాదు."

"మనది ట్రాన్సిస్టర్ సెట్టు రా. అది నీ మాదిరి. పని తగ్గితే హాయిగా కూర్చుంటాది, అసలు లేకపోతే ఇంకా హాయి. వాల్వు సెట్టు మా నాయన మాదిరి. తన బలానికి తగ్గ పని ముందర పెట్టకపోతే ఆ కోపం యాడికీ పోదు, లోపల్లోపలే పైకి లేస్తాది. నువ్వు నాలుగు పని ఉండాదని చెప్పి పదహారు తగిలించినావు. కోపం లేచింది, ఒక వాల్వు కాలింది. అంతే."

ఇంపీడెన్స్ గురించి నేను నాలుగేళ్లలో చదివిన పేజీలన్నీ ఆ నాలుగు మాటల్లో ఇమిడిపోయాయి. మామ సెట్టు బోర్లించి అన్నీ కొలిచాడు. ఫ్యూజు పోయింది. వాల్వు కూర్చునే పింగాణీ గూటిలో ఒకచోట మసి గీత పడింది. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం బతికే ఉందని మామ చెప్పినప్పుడు అన్న మొదటిసారి ఊపిరి వదిలాడు. కానీ వాల్వు? శనివారం సాయంత్రానికి చిత్తూరులో గిటార్ సెట్టు వాల్వు ఎవరిస్తారు? మామ కాలిన వాల్వును గుడ్డతో తుడిచి, దాని గాజు మీద నంబరు చదివి, నవ్వి, నిచ్చెన వేసుకుని అటక ఎక్కాడు. తమిళ పేపర్లో చుట్టిన నాలుగు వాల్వులతో దిగాడు. మామవాళ్ల నాయన కాలంలో షాపులో ఉన్నవీ వాల్వు మైకుసెట్లే. వాటిలోనూ ఇదే నంబరు. గిటార్‌కు వేరే, భారతానికి వేరే అని ఆ గాజుబుడ్డికి తేడా లేదన్నమాట. విలువ తెలిసినవాడు కాబట్టి మామ వాల్వు పారేయలేదు. (ఈ ముక్క మామతో అంటే, "ముందు గూడు తుడువు" అన్నాడు.) నేను గూట్లో మసి గీకి శుభ్రం చేశాను, ఆయన సరిపోయిన జత ఏరి పెట్టి, కొలతలు సరిచేసి, మరను మళ్లీ పదహారు మీదికి తిప్పాడు. పలికింది.

మరునాడు పొద్దున నేను చర్చిలో, ఆ పెట్టె పక్కనే, చాప మీద కూర్చున్నాను. అన్న రమ్మనలేదు. ఇంట్లో ఉండలేక వచ్చాను. మామ పెట్టిన వాల్వులకు ఎంత వయసుందో మామకే తెలియదు, ఏ చరణంలో చిటపటమంటుందో అని కళ్లు గట్టిగా మూసుకుని, ఒళ్లంతా చెవులు చేసుకుని విన్నాను. అన్న అంత మెల్లగా వాయించడం నేనెప్పుడూ వినలేదు. పాట అయిపోయింది, చిటపట రాలేదు. కళ్లు తెరిస్తే పెద్దాయన గిటార్ వైపు కాకుండా నా వైపే చూస్తున్నాడు.

"ఆ పిలకాయ ఎవరప్పా? పాట మొదలైనప్పట్నుంచీ సూస్తా ఉండా, కన్ను తెరవలా, కదల్లా. ఒక వాయిద్యం మనిషిని అట్ల కూర్చోబెట్టిందంటే దాంట్లో తప్పేముండాది? వచ్చే వారం కూడా తీసుకురా దాన్ని" అని, నన్ను చూపించి, "ఆ అబ్బాయిని కూడా" అన్నాడు.

అన్న నా వైపు చూశాడు. నిజం చెప్పేస్తాడనుకున్నాను. "తెస్తానండీ" అన్నాడు.

అలా నేను గిటార్‌తోపాటు మంజూరయ్యాను. ఒక్క ఆదివారం రాకపోతే "మీ అబ్బాయి యాడ?" అని పెద్దాయన అడుగుతాడని అన్న భయం. అన్న గిటార్ మూలపడుతుందని నా భయం. ఎనిమిది నెలలు మానకుండా పోయాను. ఇంట్లో మా అవ్వకు అనుమానం వచ్చి, "వీడు మతం మారతా ఉండాడా ఏమి రా?" అని మామను నిలదీసింది. "వీడు మారలేదమ్మా, ఓమ్స్ మార్చినాడు, దానికి శిక్ష" అన్నాడు మామ. అవ్వకు ఓమ్స్ అన్నమాట ఓంకారంలా వినిపించి కాస్త కుదుటపడింది. ఒక ఆదివారం పాస్టరుగారు నా భుజంమీద చెయ్యి వేసి, నాకోసం ఏ విషయమై ప్రార్థించమంటావని అడిగారు. "ఆ పెట్టె బాగుండాలని, అయ్యా" అన్నాను. ఆయన నవ్వలేదు, నిజంగానే ప్రార్థించారు.

ఇప్పుడు తిరుపతిలో కల్యాణ మంటపాలకు సౌండ్ పని చూస్తాను. గిటార్ వాయించే పిల్లల కాళ్ల దగ్గర, ఆ పాత సెట్టు బదులు, టిఫిన్ డబ్బా అంత పెట్టె ఉంటుంది. దానికి కోపం రాదు, కాబట్టి నేను పక్కన కూర్చోవాల్సిన పనీ లేదు. హాలు వెనక లాప్‌టాప్ ముందు గీతలు పైకీ కిందికీ పోవడం చూస్తూ ఉంటాను. ఏ పాట పాడారని ఇంటికెళ్లాక మా ఆవిడ అడిగితే చెప్పలేను, అన్నీ బాగానే వచ్చాయని మాత్రం చెబుతాను. కానీ ఆ చర్చి పాటలు ఒక్కోసారి బండి నడుపుతుంటే పల్లవి నుంచి చివరి చరణం దాకా వాటంతటవే వచ్చేస్తాయి, ఒక్క మాట తప్పిపోకుండా. ఎక్కడ ఏమి కాలిపోతుందోనని భయపడుతూ విన్న పాటలు కదా. అంత బాగా నేను మళ్లీ ఏదీ వినలేదు.