హన్మండ్లు మైకు గొంతు

కోరుట్లలో ఏ వాడకు నీళ్లు రావో, ఏ దుకాణంలో చీరల మీద తగ్గింపు ఉందో, ఎవరి పిల్లాడు సంతలో తప్పిపోయాడో, జనం ముప్పై ఏళ్లుగా హన్మండ్లు నోటనే విన్నారు. ఆటో నెత్తిన రెండు మైకులు, ముందు సీట్లో డ్రైవర్ సమ్మయ్య, అతని పక్కన ఇరుక్కుని హన్మండ్లు. ఈ రోజుల్లో అందరూ పెన్‌డ్రైవ్‌లో ఒకసారి మాట నింపి, పొద్దంతా దాన్నే తిప్పుతున్నారు. ఆ సంగతి ఎత్తితే చాలు, హన్మండ్లు ఒంటికాలి మీద లేచేవాడు.

"పెన్‌డ్రైవ్‌కు కండ్లున్నయా? ఎదురుంగ బర్రె అస్తే ఆగుతదా? రాజలింగం మామ సైకిల్ మీద పోతుంటే పేరు వట్టి పిలుస్తదా?"

ఊరికే అన్న మాట కాదు, నిజంగానే పిలిచేవాడు. ప్రకటన మధ్యలో ఆపి, "రాజలింగం మామా, జర పక్కకు జరుగు. నీ కోడలికి జెప్పు, తగ్గింపు శనివారం దాకనే!" అనేవాడు. బజారు బజారంతా నవ్వేది. రాజలింగం సిగ్గుపడి పక్కకు జరిగేవాడు, సాయంత్రానికి కోడలిని దుకాణానికి పంపేవాడు కూడా.

ఇంట్లో మాత్రం అతని గొంతు వేరు. నమ్మరు గానీ చాలా మెత్తన. భార్య కొమురవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే వెనకనుంచి వచ్చి, "ఇగో, నీళ్లియ్యి" అనేవాడు. ఆ ఒక్క మాటలో ఆయన కోపమో, ఆకలో, కడుపు బాగాలేదో ఆమె పసిగట్టేది. ముప్పై రెండేళ్ల కాపురం మరి. బజారుకు తెలిసిన గొంతు ఆమెకు ఎప్పుడూ పెద్దగా పట్టలేదు. ఆమె కాపురం చేసింది ఈ మెత్తని గొంతుతోనే.

అది మారిందని మొదట తెలిసింది కూడా ఆమెకే. "నీళ్లియ్యి" అన్నప్పుడు లోపల ఏదో గీరుకున్నట్టు వినిపించింది. జలుబు అనుకుంది. మిరియాల కషాయం పోసింది, శొంఠి నూరి ఇచ్చింది. నెల గడిచింది, తగ్గలేదు. రెండో నెలలో సిరిసిల్లకు చీరల ప్రచారానికి పోతే, నడిబజారులో మాట తెగిపోయింది. సమ్మయ్య మైకు కట్టేసి ఇంటికి తెచ్చి దింపాడు.

"దవాఖానకు పోదాం నడువు" అంది కొమురవ్వ.

"ముప్పై ఏండ్ల సంది ఒర్రుతున్న. గొంతు రాసుకోదా? గింత దానికి దవాఖానేందే?" అని ఆమె చాటలోంచే ఒక బీడీ తీసి ముట్టించాడు. ఆ బీడీని లాగి అవతల పారేయాలనిపించింది ఆమెకు. పారేయలేదు.

సిరిసిల్లలో ఉండే బిడ్డ రాణి ఫోన్ చేసింది. జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాల్లో శిబిరం పెడుతున్నారట. సూది లేదు, రక్తం తీసేది లేదు. ఫోన్‌లో మాట్లాడితే చాలు, గొంతును బట్టి లోపల జబ్బేమైనా ఉందేమో యంత్రమే అంచనా వేస్తుందట. దవాఖాన అంటే మంచం దిగని మనిషి మైకు పెడతారనగానే సరేనన్నాడు. అక్కడే వచ్చింది అసలు తంటా. ఎన్నికల ప్రచారానికి ముందు ఎట్లా తయారయ్యేవాడో ఈ పరీక్షకూ అట్లాగే తయారయ్యాడు. మూడు రోజులు పెదవి విప్పకుండా గొంతు దాచుకున్నాడు. పూటకోసారి ఉప్పు నీళ్లు పుక్కిలించాడు, బుగ్గన పటికబెల్లం పెట్టుకున్నాడు. ఎవరైనా పరీక్షకు జబ్బును చూపించడానికి పోతారు గానీ దాచిపెట్టుకుని పోతారా? ఈయన పోయాడు. నీళ్లు కాచి ఇచ్చింది కొమురవ్వే. పెద్ద ప్రచారానికి పోయే ముందు ఆ ఇంట్లో ఎప్పుడూ జరిగేది అదే కాబట్టి, ఆమెకు అందులో తప్పు తోచలేదు.

హాల్లో పూజ అనే కాలేజీ పిల్ల కూర్చోబెట్టింది. ఫోన్‌కు చిన్న మైకు తగిలించింది.

"అంకుల్, ముందు 'ఆ' అని ఆపకుండ అనండి. తర్వాత గీ నాలుగు లైన్లు చదవండి. ఇంట్ల ఎట్ల మాట్లాడుతరో గట్లనే, నార్మల్‌గ."

ముందు మైకు కనబడితే ఆయనకు ఇల్లెక్కడిది! వెన్ను నిటారుగా లేచింది. ఎడమ చెయ్యి చెవి మీదికి పోయింది. పొట్ట లోపలినుంచి తీసి "ఆ" అన్నాడు చూడండి, హాలంతా ఇటు తిరిగింది. వానలు, పంటల గురించిన నాలుగు వాక్యాలను దసరా సేల్ చదివినట్టు చదివేశాడు. "అరె, కోరుట్ల హన్మండ్లన్న గదా!" అని ఎవరో అరిచారు. చప్పట్లు పడ్డాయి. రెండు నెలలుగా ముడుచుకుపోయిన ఆయన మొహం విప్పారింది. కొమురవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవుడా, పోయిందనుకున్న గొంతు వచ్చింది అనుకుంది.

"గ్రీన్ అచ్చింది, అంటే మిషిన్‌కు జబ్బేం కనబడలే" అంది పూజ. "కానీ ఆంటీ, ఇది డాక్టర్ పరీక్ష కాదు. గొంతు రాయడం తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకోవాలె. అంకుల్ ఇంట్ల గూడ గిట్లనే మాట్లాడుతరా?"

హన్మండ్లు అప్పటికే నలుగురి మధ్య నిలబడి నవ్వుతున్నాడు. కొమురవ్వ అటు చూసింది. ఇది మైకు గొంతు బిడ్డా, ఇంట్ల గొంతు గిది గాదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అంతమందిలో, అంత సంబరంలో ఆయన పరువు తీయబుద్ధి కాలేదు.

"ఆఁ, గిట్లనే బిడ్డా" అంది.

అంతే. ఆ తర్వాత ఆమె దవాఖాన అన్నప్పుడల్లా ఆయన తన ఫోన్‌కు శిబిరం వాళ్లు పంపిన ఆ పచ్చ గుర్తు తీసి చూపించేవాడు. "మిషిన్ జెప్పింది. మిషిన్ కంటె నీకెక్కువ ఎర్కనా?" అనేవాడు. ఎరుకే. రోజురోజుకూ "నీళ్లియ్యి" సన్నగిల్లిపోవడం ఆమె వింటూనే ఉంది. దసరా పోయింది, సంక్రాంతి పోయింది. అన్నం ముద్ద దిగడం మానేసింది. మెడ పక్కన గడ్డ తేలింది. ఒక పొద్దున ఉమ్మిలో నెత్తురు పడితే రాణి వచ్చి, ఏడ్చి, తిట్టి, ఇద్దరినీ హైదరాబాదు తీసుకుపోయింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టర్ కాగితాలు పక్కన పెట్టాడు. గొంతు క్యాన్సర్. ఊపిరితిత్తులకు పాకింది. కోసినా లాభం లేదు, నొప్పి తెలియకుండా మందులు ఇవ్వడమే మిగిలింది. మొదట్లో వచ్చి ఉంటే మనిషితో పాటు గొంతు కూడా దక్కేదేమో అన్నాడు. హన్మండ్లు ఫోన్ తీసి ఆ పచ్చ గుర్తు చూపించాడు.

"ఇది ఎనిమిది నెలల కిందిది. అప్పుడు గొంతు బాగానే ఉండెనా?" అని డాక్టర్ అడిగాడు.

బాగానే ఉండెనన్నట్టు హన్మండ్లు తల ఊపాడు. కొమురవ్వ ఇక ఆపుకోలేకపోయింది.

"లేకుండె సారూ. గది మైకు గొంతు. ఇంట్ల గొంతు అప్పటికే ఖరాబయింది."

"మరి ఆ మాట వాళ్లు అడగలేదా అమ్మా?"

"అడిగిండ్రు సారు. నేనే గిట్లనే ఉంటదని చెప్పిన."

రాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డాక్టర్ మందుల చీటీ రాశాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు కరీంనగర్ దాటేదాకా హన్మండ్లు కిటికీలోంచే చూశాడు. కొమురవ్వ ఆయన వైపు చూసే ధైర్యం చేయలేదు. తిడితే బాగుండునని మొక్కుకుంది. ఆయన ఆమె మోచేతిని తట్టి, దగ్గరికి వంగాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రావడం లేదు. ఆమె చెవి ఆనించి విన్నది.

"నువ్వు జెప్పినా... నేను ఇంటుంటినా? తియ్, ఏడ్వకు."

ఆమె తల ఊపింది. కానీ ఆ మాట అబద్ధమని ఆమెకు తెలుసు. ఆ రోజు చెప్పి ఉంటే ఆ హాల్లోనే తిట్టేవాడు, రెండు రోజులు ఆమె పెట్టిన అన్నం ముట్టేవాడు కాదు. మూడో రోజు పొద్దున్నే చొక్కా తొడుక్కుని, మొహం అటు తిప్పుకుని, "నడువు, పోదాం దవాఖానకు" అనేవాడు.