ఆరుబయట పడుకునేవాళ్ళ సంఘం

1998 చివర్లో శిక్షణ ముగించుకుని ప్రకాశం జిల్లాలో ఒక సబ్ డివిజన్‌కు ఏ.ఎస్.పి.గా చేరాను. అకాడమీ నుంచి నేరుగా వచ్చినవాడి చేతికి కొన్ని పోలీసు స్టేషన్లు అప్పగించి, వీడేం చేస్తాడో చూద్దామని పై అధికారులు కాచుకుని ఉండే ఉద్యోగమది. నేను చేసిన మొదటి ఘనకార్యం, మిరప కల్లంలోకి పోలీసు కుక్కను పంపడం.

పుట్టి పెరిగింది వరి పొలాల మధ్య. మిరపకాయను పచ్చడిలో తప్ప ఎరగను. ఆ ప్రాంతంలో కోసిన పండుకాయను పొలం పక్కనే చదును చేసిన నేల మీద ఎండబోస్తారు. అదే కల్లం. కాయ గలగలలాడేదాకా రైతుకు పడకా కాపలా అక్కడే. మస్తాన్ అనే కౌలు రైతు జ్వరంతో ఒక్క రాత్రి ఇంటికి పోయి పడుకున్నాడు. తెల్లారేసరికి కల్లంలో సగం రాశి లేదు.

ఒంగోలు నుంచి జాగిలాన్ని పిలిపించమన్నాను. ఎస్.ఐ. వినయంగా, "సార్, అది మిరప కల్లం సార్" అన్నాడు.

"కంది చేనని నేననలేదుగా" అన్నాను.

జాగిలం పేరు రాణి. పేరుకు తగ్గ ఠీవితోనే జీపు దిగింది. రాశి వైపు నాలుగడుగులు వేసి తుమ్మింది. మళ్ళీ తుమ్మి, మూతి నేలకేసి రుద్దుకుని, వచ్చిన దారినే జీపెక్కి కూర్చుంది. ఎంత బతిమాలినా దిగలేదు. వాసన పట్టమని పంపితే వాసనే దాన్ని పట్టుకుంది. గట్టు మీద జనంలోంచి ఎవరో, "కుక్క నయంరా, ఒక్కసారికే తెలుసుకుంది" అన్నారు. రెండోసారి చెబితే గానీ తెలియనిది ఎవరికో నాకు అర్థమైంది.

నవ్వు ఆ పూటతో పోయింది, అనుమానం మిగిలింది. అది కాయ కోతకు దర్శి వైపు నుంచి వచ్చిన ఆడకూలీల మీదకు మళ్ళింది. వాళ్ళు పొలాల్లోనే గుడారాలేసుకుని ఉన్నారు. వాళ్ళ ముఠాకు మేస్త్రి మరియమ్మ. ఏటేటా అవే ఊళ్ళు వాళ్ళను పిలిచేవి. దొంగలన్న పేరు ఒక్క ఊళ్ళో పడితే చాలు, చుట్టుపక్కల ఏ రైతూ వాళ్ళ ముఠాను ఇంక చేలోకి రానివ్వడు.

పోలీసులూ ప్రజలూ కలిసి పనిచేయాలని నేను వచ్చీరాగానే ఒక సంఘం వేశాను. పత్తి జిన్నింగు మిల్లు యజమాని వెంకటప్పయ్య గారు అధ్యక్షులు. మిగతావాళ్ళు కూడా ఆయన పక్కన ఫొటోలో నిలబడదగ్గ పెద్దమనుషులే. మిల్లు ఆఫీసులో ఫ్యాన్ల కింద జీడిపప్పు నములుతూ శాంతిభద్రతలు కాపాడేవాళ్ళం. ఆ సంఘం ఏకగ్రీవంగా తేల్చింది: దొంగలు కూలీలే.

"రెండ్రోజులు స్టేషన్లో కూర్చోబెట్టండి సార్, వాళ్ళే కక్కుతారు" అన్నారు వెంకటప్పయ్య గారు. "మీరు కొత్త. మాకు వీళ్ళ సంగతి తెలుసు."

స్త్రీలను విచారించాలంటే పోలీసే వాళ్ళున్న చోటికి వెళ్ళాలని చట్టం. చట్టం తప్ప ఇంకేమీ తెలియని వయసు కావడం ఆ రోజు మేలైంది. గుడారాల దగ్గరకు వెళ్ళాను. మరియమ్మ నాకు గోనెసంచి పరిచి, తను నిలబడే మాట్లాడింది.

"మా గుడారాలు ఎతుక్కోండి సారూ. మీ కమిటీ వాళ్ళ ఇళ్ళు గూడా ఎతికారా?"

"వాళ్ళ మీద అనుమానం లేదమ్మా."

"అందరియ్యీ తలుపులున్న ఇళ్ళేగా. తలుపేసుకుని పడుకున్నోళ్ళకు దొంగ ఎట్టా కనపడతాడు? కల్లంలో పడుకునేటోడు ఒక్కడన్నా ఉన్నాడా మీ కమిటీలో?"

లేడు. ఉండాలన్న ఆలోచనే నాకు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం మస్తాన్ కల్లం పక్కనే చింతచెట్టు నీడన కొత్త సంఘం కూర్చుంది. రాత్రిపూట ఆరుబయట పడుకునేవాళ్ళనే పిలిచాను: మూడు ఊళ్ళ కల్లం కాపలాదార్లు, పత్తి లారీల మీద నిద్రపోయే హమాలీలు, అడ్డరోడ్డు దగ్గర టీ బంకు మీరావలి, మరియమ్మ ముఠా. మొదట ఎవరూ నోరు విప్పలేదు. పోలీసు ముందు మాట్లాడితే సాక్షి అవుతామని భయం. ఆ భయం సబబైనదేనని ఒప్పుకుని, కాగితం, కలం ఎస్.ఐ. చేత జీపులో పెట్టించాను. అప్పుడు మాటలు కదిలాయి. కాయ రంగు దగ్గర మొదలై రేట్ల మీదకు వచ్చాయి.

రేట్ల మాటల్లోనే దొంగ దొరికాడు. కాయ ఎండుతుండగా దళారులు కల్లాలు తిరిగి గుప్పెడు కాయ తీసుకుపోతారు. దాన్ని మచ్చు అంటారు. మచ్చుకొచ్చినవాడు అతిథి లెక్క. మజ్జిగ ఇస్తారు, పేరు కూడా అడగరు.

"మా కల్లానికొచ్చినోడు రేటు చెప్పకుండానే పోయాడు" అన్నాడు పొరుగూరి కాపలాదారు.

"సంచీ భుజానేసుకుని, మోపెడ్ మీద?" అన్నాడు మస్తాన్. "మా దగ్గరా అంతే. రేటు ఊసే ఎత్తలా."

"రెండు మాట్లొచ్చాడు మీ కల్లానికి" అంది మరియమ్మ. "కాయ చూడ్డం తక్కువ, దారి చూడ్డం ఎక్కువ. బేరగాడేమో అనుకున్నాం."

మూడో ఊరివాడు తలగోక్కున్నాడు. వాళ్ళ కల్లానికీ ఆ మనిషి వచ్చాడు, ఆ తర్వాతే అక్కడా కాయ పోయింది. పరువు తక్కువని ఫిర్యాదు ఇవ్వలేదు. వాడు రేటు చెప్పకుండా పోతే ఎవరికి వాళ్ళు, మన కాయ నచ్చలేదేమో అనుకుని ఊరుకున్నారు. మచ్చు తీసుకున్నవాడు మచ్చ మాత్రం కూలీల మీద వదిలిపోయాడు.

ఆ మోపెడ్ మనిషి మళ్ళీ వస్తే ఎవరూ అరవొద్దనీ, మజ్జిగిచ్చి కూర్చోబెట్టి కబురు చేయమనీ చెప్పాను. వారం తిరక్కుండానే వచ్చాడు. మేం వెళ్ళేసరికి రెండో గ్లాసు తాగుతున్నాడు. సరుకు మార్టూరు దారిలో రాళ్ళు పాలిష్ చేసే షెడ్డు పక్కన, వాడే చూపించిన అద్దె గదిలో దొరికింది. పంచనామాకు, అంటే సొత్తు ఎక్కడ ఎలా దొరికిందో ఊరివాళ్ళ ఎదుట రాసే పత్రానికి, సాక్షులుగా వచ్చినవాళ్ళు కొత్త సంఘం వాళ్ళే. కోర్టు ఆజ్ఞ లేకుండా సొత్తు తిరిగి ఇవ్వకూడదు గనక బస్తాలు కొన్నాళ్ళు స్టేషన్లో ఉన్నాయి. ఆ కొన్నాళ్ళూ మా స్టేషన్‌కు పైరవీల కోసం పెద్దగా ఎవరూ రాలేదు. వచ్చినవాళ్ళు మిరప ఘాటుకు కళ్ళనీళ్ళతోనే వెళ్ళారు.

తరువాతి కాలంలో ఒక మహానగరానికి కమిషనర్‌నయ్యాను. ప్రతి స్టేషన్‌లోనూ ప్రజల సంఘం వేసినప్పుడు మొదటి వరసలో తెల్లారకముందే వీధులూడ్చేవాళ్ళనూ, ఆటోల్లో నిద్రపోయేవాళ్ళనూ, బస్టాండు బల్లల మీద పడుకునేవాళ్ళనూ కూర్చోబెట్టాను. ఆ పద్ధతి చూడటానికి వేరే రాష్ట్రాల అధికారులు వచ్చేవారు. ఎక్కడ చదివారని అడిగితే, కల్లంలో అనేవాణ్ణి. నా సర్వీసులో నేను గర్వపడే పని ఏదంటే ఇదే. ప్రజలతో మాట్లాడటం అంటే మనకు కుర్చీ వేసేవాళ్ళతో మాట్లాడటం కాదు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో ముక్క ఉంటుంది, వాళ్ళంతా ఒకచోట భయపడకుండా కూర్చునే ఏర్పాటు చేయడమే పోలీసు చేయగలిగింది. నేను నేర్చుకున్నది అంతే.

ఇక వెంకటప్పయ్య గారి సంగతి. దొంగ దొరికాక, అదంతా తన అధ్యక్షతన జరిగిందని ఆయన విలేఖరులకు చెప్పారు. నేను కాదనలేదు. పాత సంఘం తరువాతి సమావేశంలో ఒక్క నియమం చదివాను: సంఘంలో కుర్చీ ఉన్న ప్రతివారికీ కల్లాల గస్తీలో వంతు ఉంటుంది, వంతుకు రానివారికి కుర్చీ ఉండదు. అందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షులు గనక ఆయనా కొట్టారు. ఆ తర్వాతే మొదటి వంతు అధ్యక్షుల వారిదని చదివాను. గస్తీ కర్ర, టార్చిలైటు, విజిలు ఉండేది మరియమ్మ గుడారంలో. ఎంతటివారైనా అక్కడికి వెళ్ళి ఆమె చేతి మీదుగానే తీసుకోవాలి.

పొద్దు వాలుతుండగా ఆయన ఇస్త్రీ పంచెతో, మంకీ క్యాపుతో వచ్చారు. మరియమ్మ విజిలు పైట కొంగుతో తుడిచి అందించింది.

"రాండి పెద్దాయనా. ఇయ్యాల మా కాపలా మీరేనంటగా. గట్టిగా ఊదండి, మేం నిద్దరపోవాల."

ఆయన చెయ్యి చాచి తీసుకున్నారు. నేను జీపు దిగి, అకాడమీలో నేర్పిన పద్ధతిలో మడమలు కలిపి ఆయనకో సెల్యూట్ కొట్టాను.